అప్‌డేట్: క్లాసులో ఇంటర్‌ప్రెటర్, సాయంత్రం ట్యూటర్. రెండూ ఒకరే చేయొచ్చా?

గుర్తులేనివాళ్ల కోసం: అనంతపురంలో ఒక కాలేజీలో ఇద్దరు బధిర విద్యార్థులకు పగలు పాఠం సైన్ చేస్తాను (అంటే సంజ్ఞా భాషలో చెప్తాను), సాయంత్రం ట్యూషన్ చెప్తాను. సారు చెప్పింది తప్పనిపిస్తే నేనే సరిదిద్ది సైన్ చేయొచ్చా అని అడిగాను.

వద్దని దాదాపు అందరూ అన్నారు. ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది. ఇప్పుడు సారు ఏం చెబితే అదే సైన్ చేస్తున్నా. డౌట్ వస్తే పిల్లలే అడుగుతారు, నేను గొంతు మాత్రమే. మొదటిసారి ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి ప్రశ్న అడిగితే సారు నా మొహం చూసి జవాబు చెప్పారు! ‘తన వైపు చూసి చెప్పండి సార్’ అనాల్సి వచ్చింది.

ట్యూషన్‌లో అసలు కష్టం రాత. భారతీయ సంజ్ఞా భాషలో మన విభక్తుల్లాంటివి ఉండవు. అందుకే ‘అమ్మకు’, ‘అమ్మతో’ రాయాల్సిన చోట ఉత్త ‘అమ్మ’ అని రాసేస్తారు. తెలివి తక్కువై కాదు, తెలుగు వాళ్లకు రెండో భాష. ఇది నాకు ముందే తెలిసుంటే ఎర్ర పెన్ను ఇంకొంచెం తక్కువ వాడేవాణ్ణి.

సైన్స్ పదాలకు ఢిల్లీలోని సంజ్ఞా భాష పరిశోధన కేంద్రం నిఘంటువు చూస్తున్నా. 2021లోనే 10,000 పదాలకు చేరింది. అందులో దొరకనివాటికి పిల్లలే సైగ పెట్టేస్తారు. అనంతపురానికి వాళ్ల సైగ ఊళ్లోని క్లాక్ టవర్!

తీరనిది ఒకటే. ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లుండి 20–30 నిమిషాలకోసారి మారాలంటారు. ఇక్కడ రెండో మనిషి లేరు. సాయంత్రానికి భుజాలు పట్టేస్తున్నాయి. కాలేజీని మళ్లీ అడిగాను, చూద్దామన్నారు.