మరేజింగ్ ఉక్కులో టైటానియం నైట్రైడ్ కణాలు: ఏ దశలో అరికట్టాలి?

నమస్కారం. ప్రత్యేక లోహాలను కరిగించే ఒక చిన్న కర్మాగారంలో నేను మెటలర్జిస్టుగా పనిచేస్తున్నాను. సుమారు 18 శాతం నికెల్, 8 శాతం కోబాల్ట్, 5 శాతం మాలిబ్డినం, 0.4 శాతం టైటానియం ఉండే 250 గ్రేడు మరేజింగ్ ఉక్కును విమాన భాగాల కోసం తయారుచేస్తున్నాము. పీఎస్ఎల్వీ మొదటి దశ మోటారు కవచం కూడా ఈ జాతి ఉక్కుదే కనుక, దీనితో చేయి తిరిగినవారు మనలో ఉంటారని నా ఆశ.

ముందుగా వాక్యూమ్ ఇండక్షన్ ఫర్నేస్‌లో కరిగించి, పోతపోసిన ఎలక్ట్రోడ్‌ను విద్యుత్ ఆర్క్‌తో మళ్లీ కరిగించి శుద్ధిచేసే వాక్యూమ్ ఆర్క్ రీమెల్టింగ్‌కు పంపుతున్నాము. 480 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏజింగ్ (ఆ వేడిలో కొన్ని గంటలు ఉంచి గట్టిపరచడం) చేశాక బలం సరిగానే వస్తున్నప్పటికీ, ఫోర్జింగ్‌కు అడ్డు దిశలో తీసిన నమూనాలలో పగులును తట్టుకునే శక్తి తగ్గుతోంది. మైక్రోస్కోపు కింద బంగారు పసుపు రంగులో, పదునైన మూలలున్న కణాలు వరుసకట్టి కనిపిస్తున్నాయి. అవి టైటానియం నైట్రైడేనని నాకు సందేహం లేదు. ఆ సమ్మేళనం 2900 డిగ్రీలకు పైన గాని కరగదు కాబట్టి, రీమెల్టింగే అంతా చూసుకుంటుందని అనుకోవడం మా పొరపాటే.

టైటానియంతో కలిసి ఈ కణాలుగా మారే నత్రజని ఎక్కడి నుంచి వస్తోందన్న విషయంలో నా మొదటి అనుమానం తిరిగి వాడుతున్న తుక్కు మీద. ద్రవలోహంలో కరిగి ఉన్న ఆక్సిజన్, గంధకం ఉపరితలాన్ని ఆక్రమించి నత్రజని బయటికి పోకుండా అడ్డుపడతాయి గనుక, ముందు కార్బన్‌తో ఆక్సిజన్‌ను, సున్నంతో గంధకాన్ని తగ్గించి, చాలాసేపు వాక్యూమ్‌లో ఉంచి, చివర్లో మాత్రమే టైటానియం కలపాలని భావిస్తున్నాను. అయితే ఎక్కువసేపు ఉంచితే మూస గోడల నుంచి ఆక్సిజన్ మళ్లీ లోహంలోకి చేరుతుందన్న భయమూ ఉంది. టైటానియం కలిపే ముందు నత్రజనిని ఎన్ని పీపీఎంకు (పది లక్షల్లో ఎన్ని భాగాలకు) దించాక మీరు తృప్తిపడతారు? రీమెల్టింగ్ వేగాన్ని తగ్గిస్తే ఈ కణాల పరిమాణంలో తేడా కనిపించిందా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.