బెర్లాంగా పొలిటికల్ కామెడీలు అర్థం కావాలంటే ముందు ఏం తెలిసి ఉండాలి?

స్పానిష్ సినిమాలు బాగా చూసేవాళ్ళు కాస్త సాయం చేయండి. లూయిస్ గార్సియా బెర్లాంగా 1963లో తీసిన 'ఎల్ వెర్దూగో' చూశాక ఇంకా అందులోంచి బయటికి రాలేకపోతున్నాను. ప్రభుత్వ ఫ్లాట్ పోతుందేమోనని మామగారి తలారి ఉద్యోగానికి ఒప్పుకున్న కుర్రాడు, ఎవర్నీ చంపే అవసరం రాదులే అనుకుంటాడు. తీరా ఆ రోజు వచ్చాక, పెద్ద తెల్లటి ఖాళీ హాల్లో మరణశిక్ష పడ్డవాడు తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్తుంటే, వెనకాల తలారిని గార్డులు ఈడ్చుకెళ్తారు! స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలనలో, సెన్సార్ కోతలు పెట్టినా, ఆ షాట్ మిగిలింది. ఎలా వదిలేశారసలు?

'బియెన్వెనీదో మిస్టర్ మార్షల్' (1953) మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. అమెరికా సాయం అందుతుందని ఊరంతా ముస్తాబై ఎదురుచూస్తే అమెరికన్ల కార్లు ఆగకుండా వెళ్ళిపోవడం ఎవరికైనా తగులుతుంది.

నా ఇబ్బంది 'లా ఎస్కోపేతా నాసియోనల్' (1978)తో. ఇంటర్‌కమ్‌లు అమ్ముకోవడానికి ఒక కాటలాన్ వ్యాపారి సొంత డబ్బుతో మంత్రులకీ పెద్దమనుషులకీ వేట ఏర్పాటు చేస్తాడు, అంతవరకు ఓకే, కానీ అందరూ ఒకేసారి మాట్లాడేస్తుంటే సబ్‌టైటిల్స్ చాలడం లేదు, ఓపస్ డెయీ (క్యాథలిక్ సంస్థ) వాళ్ళకీ ఫలాంజ్ (ఫ్రాంకో పార్టీ) వాళ్ళకీ మధ్య గొడవేంటో తెలియక సగం జోకులు పోతున్నాయి. ఆ కాలం రాజకీయం తేలిగ్గా చెప్పే పుస్తకం గానీ వీడియో గానీ ఉందా? దీని తర్వాత బెర్లాంగాదే 'ప్లాసిదో' చూడనా, ఇంకేదైనా చూడనా? మంచి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.