‘కలాపోసన’: పోషణా, ఉపాసనా?

ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడికి ఎదురుగా నడక ముగించి కూర్చున్నాం. రాత్రి వాన పడి వెలిసింది. మబ్బుల కిందనుంచి సూర్యుడు ఎర్రగా పైకొచ్చాడు. మాతో రోజూ నడిచే పెద్దాయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. సముద్రం వైపు చూస్తూ, గొంతు పెంచకుండా, ‘మడిసన్నాక కూసింత కలాపోసనుండాల’ అన్నారు. ఆయన నోట ఆ మాట వినగానే అక్కడున్న ఆరుగురికీ ‘ముత్యాల ముగ్గు’లో విలన్ కాంట్రాక్టరుగా వేసిన రావు గోపాలరావుగారు కళ్ళముందు నిలబడ్డారు. 1975 సినిమా అది. తరవాత పుట్టినవాళ్ళు కూడా ఆ గొంతుతోనే ఆ మాట అంటారు.

ఇంటికెళ్ళాక ఆ పొద్దు ఫొటోకి ఒకాయన ‘కళోపాసన’ అని రాసి పంపారు. ఇంకొకాయన ‘కళాపోషణ’ అని దిద్దారు. మధ్యాహ్నం దాకా తెగలేదు, అందుకని ఇక్కడ అడుగుతున్నాను. ముళ్ళపూడి వెంకటరమణగారు ఆ కాంట్రాక్టరు నోట పెట్టిన మాటకి అసలు రూపం ఏది?

మహారాణిపేట నుంచి, తెలుగు మాస్టారు:
అక్షరాలు పక్కపక్కన పెట్టి చూడండి. క-ళా-పో-ష-ణ. క-లా-పో-స-న. అచ్చులు ఒక్కటీ కదల్లేదు. ళ ల అయింది, ష స అయింది, ణ న అయింది, అంతే. భాష బాస అయినట్టు, వేషం వేసం అయినట్టు, ప్రాణం పానం అయినట్టు. ఇక ‘కళా + ఉపాసన’ గుణసంధితో ‘కళోపాసన’. అది పామరుల నోట పడితే ‘కలోపాసన’ కావాలి. ‘లా’, ‘పో’ రావాలంటే ఓ, ఆ రెండూ చోట్లు మార్చుకోవాలి. ఉపాసనలో స, న ముందునుంచీ ఉన్నాయి కాబట్టి చెవి మోసపోతోంది. మాట మాత్రం పోషణే.

మద్దిలపాలెం నుంచి:
మాస్టారూ, నాదొక సందేహం. అదే కాంట్రాక్టరు సెక్రటరీని ‘సెగట్రీ’ అని పిలుస్తాడు కదా. అక్కడ ర చోటు మారింది. అలాంటి నోటికి అచ్చులు మార్చడం ఎంత పని?

మాస్టారు:
మంచి సందేహమే. కానీ ‘సెగట్రీ’లో ఏదీ చోటు మారలేదమ్మా. సె-క్ర-ట-రీ. ‘క్ర’లో ర వత్తు జారిపోయి క కాస్తా గ అయింది. ‘టరీ’లో అచ్చు పడిపోయి ‘ట్రీ’ అయింది. చివర వినపడే ర మొదటినుంచీ అక్కడిదే. నాలుక బరువు దించుకుంటూ పోయింది తప్ప వరస తప్పలేదు. రమణగారి చెవి అంత నిక్కచ్చిది.

మొదట అడిగినవారు:
ఉచ్చారణ వరకూ ఒప్పుకున్నాను మాస్టారూ. అర్థం దగ్గర నాకింకా తెగలేదు. ఆ మాట వెనకే వస్తుంది కదా, ఉత్తినే తిని తొంగుంటే మడిసికీ గొడ్డుకీ తేడా ఏటని. ఇది భర్తృహరి మాట. ‘సాహిత్య సంగీత కళావిహీనః సాక్షాత్ పశుః పుచ్ఛవిషాణహీనః’. సాహిత్యం, సంగీతం, కళ లేనివాడు తోకా కొమ్ములూ లేని పశువే అని. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ నీతిశతకంలోదే. బడిలో కంఠస్థం చేశాను గానీ, ఈ సినిమా వాక్యం కింద ఆ శ్లోకం ఉందని నాకు తట్టడానికి నలభై ఏళ్ళు పట్టింది. శ్లోకం మాట్లాడేది కళను తనలో నింపుకోవడం గురించి. డబ్బిచ్చి పోషించడం గురించి కాదు. భావాన్ని బట్టి ఉపాసన అనాలనిపిస్తుంది.

సీతమ్మధార నుంచి (మాది కాకినాడ, ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళు):
అన్నయ్యగారూ, ‘పోషణ’ అనే మాట మన ఇళ్ళల్లో దేనికి వాడతాం? కుటుంబ పోషణ, పశుపోషణ. తిండి పెట్టి ఉంచుకోవడం. ఆ కాంట్రాక్టరుకి తెలిసిన సంబంధం అదొక్కటే. మనుషుల్ని పోషిస్తాడు, పనులు చేయించుకుంటాడు. మేళగాళ్ళని కూడా అలాగే వెంట పెట్టుకుంటాడు. కళ కూడా అతనికి పెరట్లో కట్టేసి మేపుకునేదే. శ్లోకం పశువుకీ మనిషికీ గీత గీస్తే, ఇతను పశుపోషణ మాటతోనే ఆ గీత దాటానని నమ్ముతాడు. ఆ వాక్యంలో నాకు భయం పుట్టించేది అదే. ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి నెత్తుటి గడ్డ గుర్తొచ్చేవాడు, ఆ వెంటనే కళ గురించి మాట్లాడతాడు, అదీ మనస్ఫూర్తిగా!

గోపాలరావుగారు మా కాకినాడ వైపువారు, నాటకాల నుంచి వచ్చినవారు. అంతకుముందు మన విలన్లు ఎక్కువగా అరిచేవాళ్ళు, కళ్ళెర్రజేసేవాళ్ళు. ఈయన నింపాదిగా, పక్కింటాయన వరండాలో కూర్చుని చెప్పినట్టు చెప్పారు. ‘కూసింత’ దగ్గర ఆ సాగదీత వినండి, వేలి కొసన సున్నం తీసినట్టుంటుంది. అది అచ్చంగా గోదావరి యాస.

గాజువాక నుంచి (మా సొంతూరు శ్రీకాకుళం జిల్లా):
అక్కా, ‘ఏటి’ మాది! ‘తొంగోడం’ కూడా మాదే. మా అమ్మ ఇప్పటికీ ‘తినీసి తొంగోరా’ అంటాది. ఆ సినిమా చూసినప్పుడు మావోడే మాట్లాడతన్నాడనుకున్నాం.

మాస్టారు:
ఇద్దరిదీ నిజమే. ఏటి, కూసింత, తొంగోవడం, ఇవి గోదావరి దగ్గర మొదలై ఇచ్ఛాపురం దాకా తీరమంతా వినపడే మాటలే. మన ఉత్తరాంధ్ర ముద్ర వేరే చోట ఉంది. మీ అమ్మగారి వాక్యంలోనే ఉంది చూడండి, ‘తినీసి’లో. చేసీసేడు, వచ్చీసేడు, ఆ ‘ఈసి’ మనది. కాంట్రాక్టరు ఆ వాక్యంలో ‘తిని’ అన్నాడు.

భీమిలి నుంచి:
‘మడిసి’ ఎలా వచ్చిందండీ? ష స కావడం తెలిసింది. ని డి ఎందుకైంది?

మాస్టారు:
మ, న రెండూ ముక్కుతో పలికేవి. పక్కపక్కన ఉన్నాయని రెండోదాన్ని నోటితో పలికారు. అంతకన్నా చెప్పాలంటే వేరే రోజు కూర్చోవాలి.

మొదట అడిగినవారు:
చెల్లెమ్మ చెప్పిన పశుపోషణ మాట రాత్రంతా నా బుర్రలో తిరిగింది. ఇంత కాలం ఆ వాక్యాన్ని సరదాకి వాడాను. మా చిన్నప్పుడు పెళ్ళి పందిళ్ళలో మైకుసెట్టువాడు పాటల మధ్య ఈ మాటల రికార్డు వేస్తే పిల్లలమంతా నోటితో కలిపేవాళ్ళం. బొమ్మ లేకుండా, ఒట్టి గొంతు. అందుకే అంత లోతుగా దిగిందేమో.

అయితే ఉపాసన అనే మాటకి కూడా మన సినిమాలో ఒక రూపం ఉంది. ఐదేళ్ళ తరవాత, 1980లో విశ్వనాథ్‌గారి ‘శంకరాభరణం’. జె.వి. సోమయాజులుగారు మన ఉత్తరాంధ్రవారు, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేశారు. తమ్ముడు రమణమూర్తిగారు గిరీశంగా, ఈయన రామప్పపంతులుగా ‘కన్యాశుల్కం’ ఆడేవారు. రామప్పపంతులు లాంటి జిత్తులమారి వేషం వేసిన మనిషి ఇందులో సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి కావడం తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పాట బాలుగారిది. సోమయాజులుగారికి మిగిలింది కూర్చునే తీరు, చూపు, మెడ నిలిపిన పద్ధతి. వాటితోనే ఆయన ఉపాసన అంటే ఏమిటో చూపించారు. ఉప అంటే దగ్గర, ఆసనం అంటే కూర్చోవడం. దగ్గరగా కూర్చోవడమే ఆ మాటకి అర్థం. ఆయన నిజంగా అలాగే కూర్చున్నారు.

సీతమ్మధార నుంచి:
అందులో పోషణ కూడా ఉందండీ, మరిచిపోకండి. మంజుభార్గవి వేసిన తులసి. గురువుగారికి దూరంగా నిలబడి, చివరికి ఆయన కచేరీకి వేదిక కట్టించింది. ఆవిడ దగ్గర పోషణ, ఉపాసన రెండూ ఒకటే అయ్యాయి. కాంట్రాక్టరు దగ్గర అవి ఎప్పటికీ కలవవు. నేను పోషణకే ఓటు వేస్తాను, కానీ తులసిని పక్కన పెట్టుకుని.

మొదట అడిగినవారు:
ఈ రోజు పొద్దున పెద్దాయన్ని అడిగాను, మీరు ఏ అర్థంలో అన్నారండీ అని. ‘సూర్యుడు బాగున్నాడు బాబూ, అందుకన్నాను’ అన్నారు. ఫొటో కింద ‘కలాపోసన’ అనే దిద్దించాను, సినిమాలో ఎలా పలికారో అలాగే. మాస్టారూ, ఇంకొక్కటి. కాంట్రాక్టరు బిజినెస్‌ని ‘బిగినెస్’ అంటాడు. సెగట్రీలో క గ అయిందంటే సరే, ఇక్కడ జ గ ఎలా అయింది?