ఏరేటర్ బోల్టులు: 304 తీసేసి 316 వేస్తే నట్లు పట్టేయడం ఆగుతుందా?

మొగల్తూరు రైతు:
మాది ఉప్పునీటి వనామీ రొయ్యల చెరువు. జీఐ (జింకు పూత) బోల్టులు తుప్పు తినేస్తున్నాయని ఈసారి ఏరేటర్లకు, అంటే నీటికి గాలి అందించే యంత్రాలకు, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొన్నాం. ఇంపాక్ట్ గన్‌తో (నట్లు వేగంగా బిగించే మెషిన్) బిగిస్తుంటే కొన్ని నట్లు సగం దారిలోనే పట్టేశాయి, ముందుకూ వెళ్లవు, వెనక్కీ రావు. సరుకు నాసిరకం, 316 తెప్పించమంటున్నాడు మా ఫిట్టరు. నిజమేనా అండీ?

ఉండి వర్క్‌షాప్:
తెప్పించండి, కానీ ఈ జబ్బుకి అది మందు కాదు. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పునీటిలో గుంటలు పడకుండా ఎక్కువ కాలం నిలబడుతుంది. తల మీద ఏ4 అని ఉంటే 316 రకం, ఏ2 అంటే 304 రకం. అయస్కాంతంతో తేల్చలేరు, రెండూ పెద్దగా అంటుకోవు. పట్టేయడం మాత్రం తుప్పు కాదండి, అందుకే కొత్త బోల్టుకే జరుగుతుంది. ఈ స్టీలును తుప్పు నుంచి కాపాడేది పైనున్న కంటికి కనపడని పొర. మరలు ఒత్తుకుని రాసుకున్నప్పుడు అది లేచిపోయి, లోపలి లోహాలు వెల్డింగ్ కొట్టినట్టు అతుక్కుంటాయి. 316 అయినా ఇంతే.

నరసాపురం ఫిట్టర్:
గన్ లేకుండా అన్నీ చేత్తో తిప్పుతూ కూర్చుంటే చెరువులో రొయ్య పిల్ల వదిలే రోజు దాటిపోతుంది. గ్రీజు రాస్తే చాలదా?

ఉండి వర్క్‌షాప్:
గన్నే అసలు ముద్దాయి. ఆ వేగానికి మర వేడెక్కుతుంది, నైలాన్ రింగు నట్టయితే మరీ. మామూలు గ్రీజు ఉత్త మర కంటే నయమేగానీ ఒత్తిడికి పక్కకు జారిపోతుంది. మరలు పట్టేయకుండా రాసే, నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు రాయండి. అది రాశాక బిగింపు తగ్గించాలి, లేకపోతే రాపిడి తగ్గి అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది, తెగినా తెగుతుంది. ముందు మరలో ఇసుక లేకుండా బ్రష్ కొట్టి, నట్టు వేళ్లతో ఎక్కించండి. మధ్యలో బిగుసుకుంటే అక్కడే ఆపి, చల్లారాక నూనె వేసి కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పండి. మొండిగా లాగితే ఇక గ్రైండరే గతి.

నరసాపురం ఫిట్టర్:
వేళ్లతో ఎక్కించి చివర స్పానర్ వేయడం వరకు ఒప్పుకుంటాను. కానీ సరుకు తప్పేం లేదంటే ఒప్పుకోను. మర అంచులు గరుకుగా ఉన్న బోల్టు ఎంత నెమ్మదిగా తిప్పినా పట్టేస్తుంది. గోరు పెట్టి చూడండి, గీరుకుంటే షాపువాడికి తిరిగి ఇచ్చేయండి.

ఉండి వర్క్‌షాప్:
అది మాత్రం నిజమే. మొగల్తూరు వారూ, మిగిలిన నట్లు బిగించే ముందు ఆ పరీక్ష చేయండి. నీళ్లు తగిలేచోట 316 వేసుకోండి, పేస్టు మాత్రం అన్నిటికీ రాయండి.