సిగ్నల్ సైకిల్ 207 సెకన్లు వస్తోంది, ఎలా తగ్గించాలి?

సివిల్ ఫైనలియర్ ప్రాజెక్టుకి నెల్లూరు మినీ బైపాస్ మీద ఒక నాలుగు రోడ్ల జంక్షన్ తీసుకున్నాం. సాయంత్రం 5:30 నుంచి 6:30 దాకా టీ బంకు పక్కన నిలబడి బండ్లు లెక్కపెట్టాం (పొగకి కళ్లు మండిపోయాయి). టూవీలర్‌కి 0.5 పీసీయూ (కారుని 1 అనుకుని వేసే లెక్క), నాలుగు ఫేజులు (గ్రీన్ ఇచ్చే వంతులు), ఒక్కోదానికి లాస్ట్ టైమ్ (వంతు మారేటప్పుడు వృథా అయ్యే సమయం) 4 సెకన్లు, మొత్తం వై (రోడ్డు పట్టే బండ్లతో పోలిస్తే వచ్చే బండ్ల నిష్పత్తి, అన్ని ఫేజులవీ కలిపి) 0.86. సైకిల్, అంటే అన్ని వంతులూ ఒకసారి పూర్తయ్యే సమయం, ఎంతుండాలో చెప్పే వెబ్‌స్టర్ ఫార్ములాలో వేస్తే 207 సెకన్లు! అంతసేపు ఎవరాగుతారు, ఇప్పుడున్న సిగ్నల్‌లోనే కౌంట్‌డౌన్ 10కి రాగానే ఆటోలు జీబ్రా గీతలు దాటేస్తున్నాయి, ఇంజన్ మాత్రం ఒక్కరూ ఆపరు. 120కి కుదిస్తే క్యూ ఒక్క గ్రీన్‌లో క్లియర్ కావట్లేదు. ఫ్రీ లెఫ్ట్ బండ్లని తీసేసినా వై 0.83 దగ్గరే ఆగింది, అంటే 171 సెకన్లు. ఎదురెదురు రోడ్లకి ఒకేసారి గ్రీన్ ఇచ్చి రెండు ఫేజులకి దించితే, రైట్ తిరిగే బండ్లు గుద్దుకోకుండా ఏం ఏర్పాటు చేయాలి?