కిరాయి ఇంటికి ప్లాస్టిక్ డబ్బల సెట్టా, స్టీల్ డబ్బలా? జెర తేల్చుండ్రి

హన్మకొండ_కోడలు:
నయీంనగర్ దిక్కు కొత్తగ కిరాయికి దిగినం, కిచెన్ల రెండే సజ్జలు, కప్‌బోర్డ్ లేదు. ఆన్‌లైన్ల చౌకోర్ ప్లాస్టిక్ డబ్బల సెట్ ఆఫర్ల ఉంది, మూత గట్టిగ పడ్తదట, చూడనీకి మస్తుంది. మా అత్తమ్మనేమో "ఇంట్ల గన్ని స్టీల్ డబ్బలున్నయి, పట్కపోరాదు" అంటున్నది. ఏది నయం? ఎండకాలం కారం పట్టిచ్చేది గూడ ఉంది.

కాజీపేట_పాతకాపు:
అత్తమ్మ మాట ఇను బిడ్డా. ఎనుమాముల మార్కెట్ కాడ చపాట మిర్చి తెచ్చి గిర్నిల పట్టిస్తవు, చపాట అంటేనే రంగు, ఘాటు తక్కువ. గది తీస్కపోయి అద్దం లెక్క కనబడే డబ్బల పోసి కిటికి పక్కకు పెడ్తే వెలుతురుకు రంగు పోతది, ఇగ మిగిలేదేంది? స్టీల్ల ఆ బాధ లేదు. పాతగైనంక సామాన్లోనికేసినా పైసలొస్తయి.

మూత_మాస్టర్:
అంకుల్ కారం సరే, మిగిలినయి? స్టీల్ డబ్బల ఏమున్నదో మూత తీస్తేగాని తెల్వది, మా ఇంట్ల మినపప్పు ఉండంగనే మల్ల తెస్తరు. పైంగ అన్నీ గుండ్రటియే, నలుదిక్కుల మూలలు ఖాళీ, లెక్క గడితే సజ్జల అయిదో వంతు జాగ ఉత్తగనే పోతది. రెండే సజ్జలున్నోళ్ళకు చౌకోర్ డబ్బలే కరెక్ట్. ఇంకోటి అక్కా, బియ్యం డబ్బ 30 లీటర్లది కొనకు, లీటర్‌కు సుమారు 800 గ్రాములే పడ్తయి, 25 కిలోల బస్త పోస్తే మూత పడదు. 35 లీటర్లది చూడు.

జమ్మికుంట_వదిన:
మీ ఇద్దరి కొట్లాటల అసలు సంగతి పోయింది, ఏ డబ్బల ఏం పోస్తున్నవో సూడకుంట సెట్ కొనుడేంది, ఉప్పు, చింతపండు, తొక్కు స్టీల్ల పెడ్తే మెల్లగ గుంతలు పడ్తయి, వాటికి జాడి, గాజు సీసనే, ఇగ బియ్యంల పురుగంటరా ఆడపురుగు గింజ లోపట్నే గుడ్డు పెడ్తది, అది దుకాణంలనే పెట్టొచ్చు, నువ్వు ఎంత టైట్ మూత కొన్నా లోపటికెల్లే వస్తది. రవ్వ ప్యాకెట్ అయితే తేంగనే నాలుగు రోజులు ఫ్రీజర్ల పెట్టి అప్పుడు డబ్బల పోయి, కందిపప్పుకు జెరంత ఆముదం రాయి. టైట్ మూత ఎందుకంటే ఒక డబ్బల పురుగు ఇంకో డబ్బలకు పోకుంట, గంతే.

కాజీపేట_పాతకాపు:
వదిన మాటకు ఎదురు లేదు. కాని కొత్త స్టీల్ కొనేటోళ్ళు అయస్కాంతం పెట్టి సూసి మురువకుండ్రి. మంచి రకం 304 నంబర్ స్టీల్‌కు అయస్కాంతం అంటదు, దానికన్న అగ్గువ రకం 202కు గూడ అంటదు. ఏ రకమో అడిగి కొనాలె.

హన్మకొండ_కోడలు:
మరి బొంతలు, దుప్పట్లకు? మంచం కింద పెట్టే డబ్బలు, వాక్యూం కవర్లు చూస్తున్న.

మూత_మాస్టర్:
బొంతలకు వాక్యూం కవర్ బాగనే పన్జేస్తది, సగానికి దిగుతయి, కాని పూరాగ ఎండినంకనే పెట్టు లేకుంటే ముక్క వాసన. మన వరంగల్ కొత్తవాడ జంపుఖానలకు మాత్రం దండగ, దాంట్ల గాలెక్కడిది పీల్చనీకి? చుట్టి నిలబెట్టు.

జమ్మికుంట_వదిన:
నయీంనగర్ అంటున్నవు, కింది పోర్షనేనా? 2023 జూలై వానలకు ఆ నాలా దిక్కు ఇండ్లల్లకు నీళ్ళొచ్చినయి, యాదుందా? సర్టిఫికెట్లు, పట్టుచీరలు మంచం కింద వద్దు, బీరువ పై అరల పెట్టు. కింద ఏమన్న పెట్టేదుంటే మూతున్న ప్లాస్టిక్ డబ్బనే, ఇనుప సందుగ తుప్పు పడ్తది. ఇక్కడ మాత్రం ప్లాస్టికే గెలిచింది కాపన్నా.

హన్మకొండ_కోడలు:
కింది పోర్షనే వదినా. సరే, కారం, పప్పులకు అత్తమ్మ డబ్బలు తెచ్చుకుంట, మీదికెల్లి పేర్లు రాసి అతికిస్త. చౌకోర్ సెట్ మొత్తం వద్దు, రవ్వ, అటుకులకు నాలుగు విడిగ తీస్కుంట, ముందుగాల సజ్జ ఎత్తు కొలిచి.

కాజీపేట_పాతకాపు:
మూడేండ్లకు ఆ మూతలు లూజ్ అయినంక మల్ల ఈడికే రా బిడ్డా.

మూత_మాస్టర్:
రబ్బర్ రింగులు విడిగ దొరుకుతయి అంకుల్, మీ స్టీల్ డబ్బకు సొట్ట పడ్తే మూత దొరుకుతదా?