కొత్తవాళ్లు సెస్నాతోనే మొదలుపెట్టాలా? నేరుగా ఏ320 ఎక్కేస్తే తప్పేంటి?

కొత్తపిట్ట
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇంట్లో కంప్యూటర్‌లో విమానం నడిపే గేమ్, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 వేసుకున్నాను. ట్విస్ట్ ఉన్న, అంటే పక్కలకి మెలితిప్పగలిగే మామూలు జాయ్‌స్టిక్ ఉంది, కాళ్లతో నొక్కే పెడల్స్ లేవు. నా కోరికల్లా శంషాబాద్ నుంచి వైజాగ్‌కి ఏ320, అంటే ఎయిర్‌బస్ ప్రయాణికుల జెట్ నడపడం. ముందు ఒకే ప్రొపెల్లర్ ఉన్న చిన్న విమానం సెస్నా 172 నేర్చుకోమని అందరూ అంటుంటే అదే ప్రయత్నిస్తున్నా. గాల్లో ముక్కు కుదురుగా ఉండదు, పైకీ కిందకీ ఊగుతుంది. దిగేటప్పుడు రన్‌వే మీద కప్పలా గెంతుతుంది. విసుగొస్తోంది. సెస్నా వదిలేసి ఏ320కి వెళ్లిపోవచ్చా?

గన్నవరం_గాలి
వెళ్లొద్దు తమ్ముడూ. ముక్కు ఊగుతోందంటే నువ్వు ట్రిమ్ (స్టిక్ పట్టుకోకుండానే ముక్కుని ఒకచోట నిలిపే సర్దుబాటు) వాడటం లేదు, లేదా ట్రిమ్‌తోనే విమానం నడుపుతున్నావు. ముందు స్టిక్‌తో ముక్కు ఎక్కడుండాలో అక్కడ పెట్టు. పవర్ కదపకు. వేగం ఒకచోట నిలబడేదాకా ఆగు. అప్పుడు ట్రిమ్ కొద్దికొద్దిగా తిప్పుతూ, అదే లెక్కన స్టిక్ వదులుతూ రా. చెయ్యి తీసేసినా ముక్కు కదలకపోతే ట్రిమ్ కుదిరినట్టు. జాయ్‌స్టిక్ మీద రెండు బటన్లు దీనికే పెట్టుకో.

వేగం 55 నాట్స్‌లో ముక్కు లేపు, 74లో పైకి ఎక్కు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందకి దిగే పలకలు) పూర్తిగా దించి 65లో దిగు. గెంతుతోందంటే నువ్వు 80లో వస్తున్నావని నా అనుమానం. ఇంకోటి, శంషాబాద్‌లో నేల మీద ఉండగానే ఎత్తు చూపే ఆల్టిమీటర్ 2,000 అడుగులు చూపిస్తుంది. సముద్రమట్టం నుంచి లెక్క కదా. అక్కడ నేలకి వెయ్యి అడుగుల పైన తిరగాలంటే 3,000 చూడాలి. ఇది తెలియక చాలామంది చెట్ల మీదుగా తిరుగుతుంటారు.

ఏ320లో ఇవేవీ రావు. స్టిక్ వదిలేస్తే ఉన్న దారినే పోతుంది, ట్రిమ్ కంప్యూటరే చూసుకుంటుంది. ఇక సెట్టింగ్స్‌లో ఆటో రడ్డర్ తీసెయ్. రడ్డర్ అంటే ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే తోక పలక, ఆటో పెడితే దాన్ని గేమే నడిపేస్తుంది. అది మాత్రం మర్చిపోకు.

ఆటోపైలట్_అప్పారావు
గాలిగారూ, అతను అడిగింది ఒకటి, మీరు చెప్పింది ఇంకొకటి. ఇలా పాఠాలు పెట్టే కొత్తవాళ్లని తరిమేస్తున్నారు. సెస్నాలో గెంతి గెంతి చివరికి గేమే డిలీట్ చేసినవాళ్లని నేను చూశాను.

కొత్తపిట్ట గారూ, హాయిగా ఏ320 ఎక్కండి. వైజాగ్ దాదాపు సముద్రమట్టంలో ఉంది కాబట్టి లెక్క తేలిక. ప్రతి వెయ్యి అడుగులకీ 3 నాటికల్ మైళ్లు. 30,000 అడుగుల్లో ఉంటే 90 మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి, వేగం తగ్గడానికి ఇంకో 10 కలుపుకోండి. చివర్లో 135 నాట్స్ ఉంటే దాన్ని 5తో గుణించండి, నిమిషానికి సుమారు 700 అడుగులు దిగాలి. రన్‌వే పక్కన ఎత్తు చెప్పే నాలుగు పాపి లైట్లలో రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ ఎరుపైతే కిందకి వచ్చేశారు. మొదట ఆటోపైలట్‌తో తెచ్చి చివరి వెయ్యి అడుగులు చేత్తో దించండి. చాలు.

బెజవాడ_బ్లాక్‌బాక్స్
తెర మీద సెకనుకి ఎన్ని ఫ్రేమ్స్ (బొమ్మలు) వస్తున్నాయో ఎవరూ అడగలేదేంటి? 30 నిలకడగా వస్తే చాలు. దిగేటప్పుడు ఆగిఆగి వస్తుంటే ఏ విమానమైనా గెంతుతుంది.

గన్నవరం_గాలి
అప్పారావు గారూ, ఆటోపైలట్‌తో తెచ్చి చివర్లో పట్టుకుంటే చేతికి ఏం తెలుస్తుంది? సరే, పక్కగాలి వచ్చిందనుకోండి. ముక్కు ఓ పక్కకి పెట్టుకుని వస్తారు. చక్రాలు తాకే ముందు రడ్డర్‌తో తిన్నగా చెయ్యాలి. ఆటో రడ్డర్ వాడినవాడు ఆ పని ఎప్పుడు నేర్చుకుంటాడు?

ఆటోపైలట్_అప్పారావు
మళ్లీ రడ్డర్! జెట్‌లో టేకాఫ్ పరుగుకీ పక్కగాలికీ తప్ప దాని మీద కాలు పెట్టే పనే పెద్దగా లేదు. మీ సెస్నాలో ప్రొపెల్లర్ వల్ల ఎడమకి లాగుతుంది కాబట్టి కుడి రడ్డర్ నొక్కుతూ ఉండాలి. ఆ జబ్బు ఏ320కి లేదు. లేని జబ్బుకి మందెందుకు?

గన్నవరం_గాలి
ఒక ఇంజిన్ ఆగితే?

ఆటోపైలట్_అప్పారావు
మొదటి వారంలోనే ఇంజిన్ ఆపుకుంటాడా ఆయన?

ఎడమసీటు
ఆయనకి పెడల్సే లేవు, ట్విస్ట్ ఉందని మొదటి పోస్టులోనే రాశారు. ఎవరైనా చదివారా?

గన్నవరం_గాలి
చదివాను. ట్విస్ట్ కూడా రడ్డరే కాబట్టే చెప్తున్నా. నా పట్టుదల వెనక కారణం ఉంది, వినండి. మా అబ్బాయి ఇంటర్ నుంచి ఇంట్లో ఏ320 నడిపాడు. ఫ్లయింగ్ స్కూల్లో చేర్పించాను. వాడు కిటికీలోంచి బయటికి చూడడు, కళ్లెప్పుడూ తెర మీదే. ఇన్‌స్ట్రక్టర్ డయల్స్ మీద కాగితం అంటించి, హొరైజన్ చూసి నడపమన్నాడట. వంపు తిరిగేటప్పుడు కాలు కదిలేదే కాదు. సోలోకి, అంటే ఒంటరిగా నడపడానికి పంపేందుకు అనుకున్నదానికంటే ఎక్కువ గంటలు తిప్పారు. ఒక్కో గంటకీ బిల్లు కట్టింది నేను, అప్పు ఇంకా తీర్చుతున్నది నేను. ఇంట్లో సరిగ్గా నేర్చుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. మీలాంటివాళ్ల మాట విని పిల్లలు విమానం అంటే బటన్లు నొక్కడమే అనుకుంటున్నారు. అది నడపడం కాదు, నటించడం.

రాత్రి_రన్‌వే
బాబోయ్.

ఆటోపైలట్_అప్పారావు
మీ ఇంటి బిల్లు మా నెత్తిన వేస్తారేంటండీ?

నటించడం అన్నారు కాబట్టి నేనూ చెప్తా. ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాను, పైలట్ కావడానికి చేసే మెడికల్ టెస్ట్ కూడా అయింది. ఫ్లయింగ్ స్కూల్ ఫీజు కాగితం చూసి మా నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. పొలం అమ్మాలి, చెల్లెలి పెళ్లి ఉంది. కుదరదన్నారు. ఇప్పుడు బ్యాంకులో క్లర్కుని. రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌సెట్ పెట్టుకుని వ్యాట్‌సిమ్‌లో (సిమ్యులేటర్ వాళ్లు ఆన్‌లైన్‌లో కలిసి ఎగిరే నెట్‌వర్క్) ఒక ఫ్లైట్ వేస్తాను. అక్కడ కంట్రోలర్లు జీతం లేకుండా కూర్చుని నిజం మాదిరే క్లియరెన్స్ (అనుమతి) ఇస్తారు, నేను దాన్ని వాళ్లకి తిరిగి చెప్తాను. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు కావాలి, ఇంట్లో తిప్పినవి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక్క గంట కూడా లెక్కేయదు. నాకు తెలుసు. నేను లైసెన్స్ కోసం చేయట్లేదు. మీ అబ్బాయికి ఇది రిహార్సల్. నాకు ఉన్నదే ఇది. నేను ఏ సీట్లో కూర్చోవాలో మీరు చెప్పకండి.

గన్నవరం_గాలి
మీ బాధ నాకు అర్థమైంది. నేను మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు.

కానీ అతను లైసెన్స్ కోసం చేస్తున్నాడో సరదాకి చేస్తున్నాడో మీకూ నాకూ తెలియదు. తెలియనప్పుడు గట్టి పునాదే చెప్పాలి.

ఆటోపైలట్_అప్పారావు
తెలియనప్పుడు అడగాలి. ఏ320 నడపడం కోరిక అని ఆయనే రాశారు. మీకు వినపడేది మాత్రం మీ అబ్బాయి గొంతు.

ఎడమసీటు
మీరిద్దరూ కానివ్వండి. కొత్తపిట్ట గారూ, ఏ విమానమైనా ముందు ఈ రెండు చూసుకోండి. ఒకటి, సెట్టింగ్స్‌లో స్టిక్ సెన్సిటివిటీ గీత మధ్యలో బాగా చదునుగా ఉండేలా తగ్గించండి. చవక జాయ్‌స్టిక్‌లలో ముక్కు ఊగడానికి సగం కారణం అదే. రెండు, దిగేటప్పుడు నేల దగ్గరపడగానే చూపు ముక్కు ముందు నుంచి తీసి రన్‌వే అవతలి చివరికి మార్చండి. దగ్గర చూస్తే ఎత్తు తెలియదు, గట్టిగా లాగేస్తారు, అది పైకి లేచి మళ్లీ పడుతుంది. అలా లేచినప్పుడు ముక్కు కిందకి తొయ్యకండి. ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ ఎక్కి ఇంకో చుట్టు తిరిగి రండి.

కొత్తపిట్ట
సెన్సిటివిటీ మార్చాను, ఊగడం చాలా తగ్గింది. థాంక్స్ అండీ. వేగం కూడా చూశాను, గాలిగారు అన్నట్టు 80 దాటే వస్తున్నా. ఆదివారం ఏ320లో వైజాగ్ వెళ్తాను, మామూలు రోజుల్లో సెస్నా సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం).

గన్నవరం_గాలి
మంచిది. ఆటో రడ్డర్ తీశావా?

ఆటోపైలట్_అప్పారావు
ఆదివారానికి ఉంచుకోండి, నేను చెప్తున్నాగా.